మెరైన్ ట్యాంకులో చీడలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలో, ఆఫీసుల్లో ఉప్పునీటి ఆక్వేరియంలు చూసుకోవడం నా పని. చీడ కనబడిందని నాకు ఫోన్ వచ్చేసరికే చాలా ఇళ్లలో ఏదో ఒక మందు ట్యాంకులో పడిపోయి ఉంటుంది. నా అనుభవంలో చీడ కన్నా ఈ తొందరే చేపల ప్రాణం తీస్తోంది. ఆ జీవి ఎలా బతుకుతుందో, ఎలా పెరుగుతుందో ముందు తెలుసుకోవాలి. మందు సంగతి ఆ తర్వాత.

అపోహ: ఐప్టేషియాను బ్లేడుతో గీకేస్తే పోతుంది

"అన్నా, రాయి మీద చిన్న తాటిచెట్టులా ఏదో మొలిచింది, భలే ఉంది" అంటూ ఫోటో పంపుతారు. అదే ఐప్టేషియా. గోధుమ రంగులో, కాస్త పారదర్శకంగా ఉండే ఈ అనెమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) లైవ్ రాక్, అంటే జీవులు పట్టి ఉన్న సముద్రపు రాయి వెంట వస్తుంది. పక్కనున్న జీవుల్ని కుడుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా పాదం అంచు నుంచి చిన్న ముక్కల్ని వదులుతుంది, ఒక్కో ముక్కా ఒక కొత్త అనెమోన్ అవుతుంది. గీకితే ఆ పని మనమే చేసిపెట్టినట్టు.

పంపులు ఆపి, సిరంజితో చిక్కటి సున్నపు ముద్దను మెల్లగా దాని నోటి మీద పెట్టాలి. మందు కాల్షియం హైడ్రాక్సైడ్. తాంబూలంలో వాడే సున్నం కూడా అదే, కానీ అందులో ఇంకేం కలిసిందో తెలియదు కాబట్టి ఆక్వేరియం కోసం అమ్మేదే వాడండి. ఒకేసారి పది, పదిహేనింటికి పెడితే పీహెచ్ అమాంతం పెరుగుతుంది. రోజుకు రెండు మూడు చాలు.

పెప్పర్‌మింట్ రొయ్య వీటిని తింటుంది, అయితే అన్ని రొయ్యలూ తినవు, పెద్ద ఐప్టేషియా జోలికి సాధారణంగా పోవు. కొనేటప్పుడు వీపు చూడండి. గూని ఉండి, ఎర్ర గీతల మధ్య తెల్ల గీతలు, చుక్కలు కనిపిస్తే అది క్యామెల్ రొయ్య. అది ఈ పనికి రాదు. బెర్గియా అనే చిన్న సముద్రపు నత్తకు ఐప్టేషియా తప్ప వేరే తిండి లేదు. పని బాగా చేస్తుంది, ఐప్టేషియా అయిపోయాక ఆకలితో చచ్చిపోతుంది. అప్పటికి దాన్ని ఇంకో ట్యాంకుకు ఇచ్చేయండి.

అపోహ: వైట్ స్పాట్‌కు ఉప్పు, వేడి చాలు

ఇది మంచినీటి ట్యాంకుల నుంచి వచ్చిన అలవాటు. అక్కడి పరాన్నజీవి వేరు. సముద్రపు చేపలకు తెల్లచుక్కలు తెచ్చేది క్రిప్టోకేరియాన్ అనే పరాన్నజీవి. ఉప్పులోనే పుట్టిన దాన్ని ఉప్పు ఏం చేస్తుంది? వేడి పెంచితే దాని జీవితచక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది.

దీనికి తోడు "చుక్కలు పోయాయి, తగ్గిపోయింది" అనే ఇంకో భ్రమ ఉంది, అదే ఎక్కువ ప్రమాదం. ఆ పరాన్నజీవి చేప మీద ఉండేది మూడు నుంచి ఏడు రోజులే. తర్వాత రాలి, రాయికో ఇసుకకో అంటుకుని గూడు కట్టుకుంటుంది. లోపల విభజన జరిగి, వందలకొద్దీ పిల్లలు ఈదుకుంటూ చేపల కోసం బయటికొస్తాయి. మనం ఊపిరి పీల్చుకున్న వారంలోనే ఈసారి చేప నిండా చుక్కలు. వెల్లుల్లి, పసుపు, క్లీనర్ రొయ్యలు, వీటిలో ఏదీ ఈ చక్రాన్ని ఆపలేదు.

చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ కాపర్ (రాగి) మందుతో చికిత్స చేయాలి. టెస్ట్ కిట్ లేకుండా కాపర్ ముట్టుకోకండి, తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చేపకే విషం. అసలు ట్యాంకులో మాత్రం కాపర్ వేయొద్దు. రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి, రాళ్లు కాపర్‌ను పీల్చుకుంటాయి. ఆ ట్యాంకును 76 రోజులు ఒక్క చేప కూడా లేకుండా వదిలేయాలి. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖం మాడ్చుకుంటారు. అయినా నేను ఈ లెక్క తగ్గించను.

అపోహ: బ్రిసిల్ వార్మ్ కనిపిస్తే ట్యాంకు పాడైనట్టే

కాదు. ఒంటినిండా ముళ్లుండే ఈ పురుగుల్లో చాలా రకాలు మిగిలిపోయిన మేత, కుళ్లిన పదార్థం తిని బతుకుతాయి. మరీ ఎక్కువైతే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం, అది తగ్గించండి. ఒట్టి చేత్తో మాత్రం పట్టుకోకండి, సన్నటి ముళ్లు చర్మంలో దిగుతాయి. దిగితే సెల్లోటేప్ అతికించి లాగండి.

అపోహ: వైజాగ్ నుంచి సముద్రపు నీళ్లు, రాయి తెచ్చుకుంటే అంతా సహజంగా ఉంటుంది

వానాకాలంలో గోదావరి, కృష్ణ నీళ్లు కలిసి మన తీరంలో ఉప్పు శాతం బాగా పడిపోతుంది. ఒడ్డు నీళ్లలో ఊళ్ల మురుగు కూడా ఉంటుంది. ఆర్‌ఓ నీళ్లలో మెరైన్ ఉప్పు కలిపి 1.025 సాంద్రత చూసుకోవడమే నయం. రాయి విషయానికొస్తే, దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్-1 జీవులు, అంటే చట్టం గట్టిగా కాపాడేవి. సముద్రంలో తవ్విన పగడపు రాయి కొనకండి. పొడి సిరామిక్ రాయితో మొదలుపెడితే పైన చెప్పిన చీడల్లో చాలావరకు గుమ్మం తొక్కవు.

అపోహ: చీడపట్టిన రాయిని ఉడకబెడితే శుభ్రమైపోతుంది

దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. రాళ్ల మీద పెరిగే జోయాంథిడ్లు అనే పగడాల లాంటి జీవుల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. మరిగించినా అది విరగదు, ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. జ్వరం, దగ్గు, ఊపిరాడకపోవడంతో కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. వేడినీళ్లు పోయకండి, గట్టి బ్రష్‌తో రుద్దకండి. చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని రాయిని బయటికి తీసి, పిల్లలు, కుక్కలు వెళ్లని చోట ఎండలో కొన్ని వారాలు ఆరబెట్టండి. ఈలోగా ఇంట్లో ఎవరికైనా ఊపిరి ఇబ్బందిగా అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆక్వేరియం రాయి ముట్టుకున్నామని డాక్టరుకు తప్పక చెప్పండి.