ఎనభైల నాటి నంబర్ వన్ పాటలు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

1980 నుంచి 1989 దాకా అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాటలన్నిటినీ వరసబెట్టి వింటున్నామని, కొన్ని ఎంతో నచ్చాయని, మరికొన్ని ఆ స్థానానికి ఎలా చేరాయో అంతుపట్టడం లేదని రాశారు. సరైన సందేహమే. నా దృష్టిలో అది మంచి పాటల జాబితా కాదు. ఒక్కొక్క వారంలో ఏ పాట ఎంతమందికి చేరిందో నాటి మనుషులు తమకు చేతనైన పద్ధతిలో వేసిన లెక్క. ఆ పాట ఏ దారిన జనంలోకి వెళ్లిందో, దాన్ని ఎవరు ఎలా లెక్కపెట్టారో తెలిస్తే మీరు వినే తీరే మారుతుంది.

సింగిల్ అంటే ఆ రోజుల్లో ఏడంగుళాల రికార్డు. నిమిషానికి 45 చుట్లు తిరిగేది. ఒక వైపు కంపెనీ ఆశ పెట్టుకున్న పాట, రెండో వైపు మరో పాట ఉండేవి. ఆల్బం మొత్తం కొనే స్తోమత లేని కుర్రకారు చేతిఖర్చు డబ్బుతో దీన్ని కొనుక్కునేవారు. ఈ అమ్మకాలను, రేడియోలో పాట వినిపించే జోరును కలిపి బిల్‌బోర్డ్ పత్రిక 1958 ఆగస్టు నుంచి వారం వారం ‘హాట్ 100’ పట్టికను ప్రకటిస్తూ వచ్చింది. ఇవాళ మీరు ఫోనులో పాట వింటే ఆ సంగతి యంత్రమే నమోదు చేస్తుంది. ఎనభైలలో మాత్రం దుకాణదారులను అడిగి, ఏది ఎక్కువ పోతోందో వాళ్లు చెప్పిన వరస రాసుకునేవారు, రేడియో స్టేషన్లు తాము వేస్తున్న పాటల జాబితాలు ఇచ్చేవి. మాట మీద నడిచే లెక్కలో పలుకుబడికి చోటుంటుంది. స్టేషన్ల చేత తమ పాటలు వేయించుకోవడానికి రికార్డు కంపెనీలు మధ్యవర్తులకు పెద్ద మొత్తాలే ముట్టజెప్పేవి. 1986లో ఎన్‌బీసీ టెలివిజన్ ఆ వ్యవహారాన్ని బయటపెట్టాక పెద్ద దుమారమే రేగింది. 1991లో బార్‌కోడ్ ఆధారంగా అమ్మకాలు లెక్కించే సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చీ రాగానే ఆల్బంల పట్టికలో అమెరికా పల్లెపట్టుల్లో పుట్టిన కంట్రీ సంగీతమూ ర్యాప్ సంగీతమూ ఒక్కసారిగా పైకి లేచాయి. వాటిని కొనేవాళ్లు అంతకుముందూ ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే.

మొదటి స్థానమంటే పక్కనున్న పాటతో పోటీ కూడా. ఒలీవియా న్యూటన్‌జాన్ పాడిన ‘ఫిజికల్’ 1981 నవంబరు నుంచి వరసగా పది వారాలు శిఖరం మీద ఉంది. ఆ దశాబ్దంలో మరే పాటా అన్ని వారాలు నిలవలేదు. ఫారినర్ బృందం పాట ‘వెయిటింగ్ ఫర్ ఎ గర్ల్ లైక్ యూ’ కూడా పది వారాలు నిలిచింది, కానీ రెండో స్థానంలో. తొమ్మిది వారాలు ‘ఫిజికల్’ వెనకాలే ఉండి, అది దిగిపోయిన వారం హాల్ అండ్ ఓట్స్ అనే గాయకుల జంట పాట ముందుకు దూకడంతో ఇది మళ్లీ వెనకే మిగిలింది. మీ జాబితాలో ఈ పాట కనిపించదు. వెతికి వినండి, నాకైతే ‘ఫిజికల్’ కంటే ఇదే మనసుకు పట్టింది.

ఇక అన్నిటికన్నా పెద్ద మార్పు 1981 ఆగస్టు 1న పాటల వీడియోలు వేసే టెలివిజన్ చానల్ ఎంటీవీ రావడం. అప్పటినుంచి పాటను వినడంతో పాటు చూడడం కూడా మొదలైంది. నార్వే బృందం ఆ-హా పాట ‘టేక్ ఆన్ మీ’ 1984లో తొలిసారి విడుదలైనప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాటను మళ్లీ రికార్డు చేసి, స్టీవ్ బ్యారన్ దర్శకత్వంలో వేల పెన్సిల్ బొమ్మలు గీయించి, బొమ్మల లోకంలోకి వెళ్లిన అమ్మాయి కథగా వీడియో తీసిన తరువాతే 1985 అక్టోబరులో అది అమెరికాలో మొదటి స్థానం చేరింది.

అయితే ఆ ఎంటీవీ తొలి రోజుల్లో నల్లజాతి గాయకుల వీడియోలు చాలా అరుదుగా వేసేది. మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ను ప్రసారం చేయించడానికి తాను గట్టిగా బెదిరించవలసి వచ్చిందని జాక్సన్ పాటలు విడుదల చేసిన కంపెనీ సీబీఎస్ రికార్డ్స్ అధిపతి యెట్నికాఫ్ తరువాత చెప్పాడు, ఎంటీవీ వాళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. ఏది ఏమైనా, 1983 మార్చి నుంచి ఏడు వారాలు మొదటి స్థానంలో ఉన్న ఆ పాటతో ఆ తలుపు తెరుచుకుంది. దాని ఎత్తుగడను ఈసారి శ్రద్ధగా వినండి. ముందు డ్రమ్స్ ఒక్కటే మోగుతుంది. దాని మీద కింది స్థాయి స్వరాలు పలికే బాస్ గిటార్ నడక మొదలవుతుంది, ఆ పైన కీబోర్డు స్వరాలు పొడిపొడిగా పడతాయి, దాదాపు అర నిమిషం గడిస్తే గాని గొంతు వినిపించదు. ఇంత పొడుగు ఎత్తుగడ వద్దన్నాడు నిర్మాత క్విన్సీ జోన్స్. అది వింటుంటేనే తనకు నాట్యం చేయాలనిపిస్తుందని జాక్సన్ పట్టుబట్టి ఉంచుకున్నాడు. సౌండ్ ఇంజనీరు బ్రూస్ స్విడీన్ ఈ పాటకు 91 సార్లు మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన వాద్యాలనూ గొంతునూ పాళ్లు చూసి కలపడం, చేశాడు. చివరికి అందరూ ఎంచుకున్నది రెండోసారి చేసినదాన్ని.

ఆ పాటకు ప్రాణం బాస్. మరుసటి ఏడాది, 1984లో, ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచిన, ప్రిన్స్ అనే గాయకుడి పాట ‘వెన్ డవ్స్ క్రై’లో అసలు బాసే లేదు. వాద్యాలన్నీ తానే వాయించి, మిక్సింగ్ దగ్గరికి వచ్చాక బాస్‌ను తీసేశాడు. నాట్యానికి పనికొచ్చే పాటలో అలా చేయడం ఎంత తెగువో ఆలోచించండి. డ్రమ్ మెషీన్ దెబ్బలకూ ఆ గొంతుకూ మధ్య మిగిలిన ఖాళీలోనే పాటలోని ఒంటరితనమంతా ఉంది. ఆ దశాబ్దంలో యంత్రాలు సంగీతాన్ని చప్పగా మార్చాయని అనేవారికి నేను ఈ పాటే వినిపిస్తాను.

మాటలు కూడా పట్టించుకుని వినాలి. 1983లో ఎనిమిది వారాలు శిఖరాన ఉన్న, ‘పోలీస్’ అనే సంగీత బృందం పాట ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ను లోకం ప్రేమగీతమనుకుని పెళ్లిళ్లలో పెట్టుకుంది. కానీ తనను వదిలి వెళ్లిన మనిషి వేసే ప్రతి అడుగునూ కనిపెట్టి చూస్తుంటాననే వాడి పాట అది. అందులో నిఘా ఉందని, అసూయ ఉందని ఆ పాట రాసిన ఆ బృందం గాయకుడు స్టింగే స్వయంగా చెప్పాడు. రాగం అంత మెత్తగా ఉండబట్టే ఆ మాటల్లోని భయం చాలామంది చెవిన పడలేదు.

ఇంకో సంగతి. 1985లో వచ్చిన మన ‘దొంగ’ సినిమాలో చిరంజీవి చేసిన ‘గోలీమార్’ పాటకు మాతృక జాక్సన్ ‘థ్రిల్లర్’ వీడియో అని మీకు తెలిసే ఉంటుంది. సముద్రాలు దాటి మన తెలుగు తెరదాకా వచ్చిన ఆ ‘థ్రిల్లర్’ పాట అమెరికా పట్టికలో నాలుగో స్థానం దాటి పైకి పోలేదు. అందుకని మీరు వింటున్న జాబితాలో అదీ లేదు. ఈసారి ఏదైనా ఒక వారం ఎంచుకుని, ఆ వారపు మొదటి పది పాటలూ వినండి. నా మాట అడిగితే 1983 వేసవిలో ఒక వారంతో మొదలుపెట్టండి. విన్నాక ఏ పాట మీకు పట్టిందో, ఎందుకు పట్టిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య