చెమ్మ గోడకు ఖరీదైన పెయింట్ మందు కాదు: ఇంటి రంగుల మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడలో రంగుల పనులు ఒప్పుకుని చేయిస్తుంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న: "ఏ కంపెనీ పెయింట్ వేస్తే చెమ్మ రాదండీ?" అడిగేవాళ్ల మీద నాకు విసుగు లేదు. అప్పటికే ఒకసారి డబ్బు పోసి, ఆర్నెల్లు తిరక్కుండానే గోడ పెచ్చులూడి, ఇంట్లోవాళ్ల చేత మాటలు పడి ఉంటారు పాపం. విసుగంతా వాళ్లకి "ఫలానా డబ్బా వేయించండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని చెప్పి పంపించేవాళ్ల మీదే.

అపోహ: మంచి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే చెమ్మ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. ఆ డబ్బాల్లో మోసం ఉందని కాదు. బయటి గోడకి, వాన జల్లు కొట్టే వైపు వేస్తే అవి సన్నటి పగుళ్లను కప్పి, నీళ్లు లోపలికి దిగకుండా బాగానే కాపాడతాయి. కానీ మనవాళ్లు చేసేది వేరు. హాల్లోనో, మంచం వెనకో, నేల నుంచి మూడడుగుల దాకా ఉప్పెక్కిన గోడకి లోపలి వైపు దాన్ని పూయిస్తారు. అక్కడ నీళ్లు వచ్చేది గోడ వెనక నుంచి, కింద నుంచి. ఆ నీళ్లు మట్టిలో, ఇటుకలో, ప్లాస్టరింగులో ఉన్న లవణాలను కరిగించుకుని పైపొర దాకా వచ్చి ఆరిపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే మిగిలిపోతుంది. అది గట్టిపడి పెరిగేకొద్దీ లప్పాన్ని (పుట్టీని), పెయింట్‌ని వెనక నుంచి నెడుతుంది. పెయింట్ పొర ఎంత గట్టిదైతే బుడగ అంత పెద్దది. ఊడేటప్పుడు లప్పంతో సహా పలకలు పలకలుగా ఊడుతుంది.

పైగా నీరు ఆరే దారి మూసేశాం కాబట్టి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. "మూడడుగులు టైల్స్ అంటించేయండి, గొడవ వదిలిపోతుంది" అనే సలహా విన్న ఇళ్లు చాలా చూశాను. టైల్స్ ఎక్కడ ఆగాయో సరిగ్గా దాని పైన ఉప్పు మొదలవుతుంది. పీవీసీ ప్యానెళ్లు కొట్టిస్తే వెనకాల బూజు పెరుగుతుంది, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా. నీళ్లు తీశాక కొద్దివారాలకే గోడలు పైకి ఆరినట్టు కనిపించాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ లోపల దాకా ఆరాలంటే నెలలు పడుతుంది. లోపలొక వైపు లప్పం, బయటొక వైపు ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ పెయింట్) ఉంటే ఇంకా ఆలస్యం. ఆ వైపే ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు దసరా అవగానే కబురు పెట్టారు. గోడ మీద బురద గీత నా నడుము దాకా ఉంది. వేసవి దాకా ఆగుదామన్నాను. "సంక్రాంతికి అమ్మాయీ అల్లుడూ వస్తారు బాబూ, ఈ గీత చూస్తూ పండగ ఎలా చేసుకోమంటావు?" అన్నారు. ఆ మాటకి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు? ఇంకొకర్ని పెట్టి ఖరీదైన పెయింటే వేయించుకున్నారు. ఉగాది నాటికి ఆ గీత దగ్గరే గోడంతా పొంగింది.

మళ్లీ పిలిచినప్పుడు ఆ ఇంట్లో మేం ముందు చేసింది రంగు పని కాదు, రంగు తీసే పని. ఉప్పెక్కిన ప్లాస్టరింగుని గీతకి ఇంకో అడుగు పైదాకా కొట్టించి, ఇటుకలు బయటపెట్టి, కిటికీలు తీసి, వేసవంతా అలా వదిలేశాం. బ్లేజ్‌వాడ అని పిలిచే మా విజయవాడ ఎండలు ఒక మంచి పనికి పనికొచ్చాయంటే ఇదే. చుట్టాలొచ్చినప్పుడల్లా మాస్టారి భార్య ఆ ఇటుకలకి అడ్డంగా పాత చీర కట్టేవారు. ఆరిన తర్వాత కొత్తగా ప్లాస్టరింగ్ చేయించి, అదీ ఆరాకే రంగు. మాస్టారికి మొత్తం ఖర్చు రెండింతలైంది. మొదటిసారి పెట్టిన డబ్బంతా అక్షరాలా గోడకి కొట్టిన సున్నమే.

గోడ ఆరిందో లేదో చేత్తో తడిమి చెప్పడం కుదరదు. ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ కవర్ తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గాలి చొరబడకుండా గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు కవర్‌కి గోడ వైపు నీటి చుక్కలు కనిపిస్తే, లేదా అక్కడ గోడ రంగు ముదిరితే, తడి ఇంకా లోపలే ఉంది. చుక్కలు గది వైపు మాత్రమే ఉంటే అది గదిలోని ఆవిరి, అక్కడ గాలి ఆడేలా చూడాలి. టేపు ఖర్చు తప్ప ఏమీ కాదు. అయినా ఈ పని చేసి చూపించే పెయింటర్లు తక్కువ. చేస్తే పని వాయిదా పడుతుంది మరి.

వరద రాని ఇళ్ల సంగతి చూద్దాం. చెమ్మ పైన మొదలై కిందికి దిగుతుంటే శ్లాబు, సన్‌షేడ్ పగుళ్లు, ట్యాంకు పైపు చూడాలి. గోడ మధ్యలో మచ్చ పడితే అటువైపు బాత్‌రూమ్ ఉందేమో చూడండి. అపార్ట్‌మెంట్లలో అది పైవాళ్ల బాత్‌రూమ్ అవుతుంది, "మా దాంట్లో లీకేజీ లేదు" అంటారు. నేను బ్రష్ పట్టుకుని ఆ పంచాయితీ తీర్చలేను. నేల నుంచి పైకి ఎక్కుతుంటే మాత్రం ముందు వీధిలోకి వెళ్లి నిలబడండి. పాత పేటల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ కాస్త లేస్తూ, ఇంటి బేస్‌మెంట్‌కి సమానమైపోయింది. ఇంటివాళ్లు కూడా వాకిట్లో మట్టి పోసి గచ్చు చేయిస్తారు. కట్టినప్పుడు నేల చెమ్మ పైకి ఎక్కకుండా గోడ అడుగున వేసిన అడ్డు పొర (డీపీసీ) ఆ మట్టి కిందికి వెళ్లిపోతే, దాని మీదుగా నీళ్లు నేరుగా గోడలోకి ఎక్కుతాయి. ఆ మట్టి తీయించకుండా లోపల ఎన్నిసార్లు పెయింట్ వేయించినా ఒకటే.

ఇంకొక మాట. ఉప్పు కనబడగానే బకెట్టు నీళ్లతో కడిగేస్తారు. వద్దు. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, రాలినదాన్ని ఎత్తి పారేయాలి. వారంటీ కాగితం కూడా డబ్బులిచ్చే ముందే చదవండి. నేల చెమ్మ, పైపు లీకేజీ మామూలుగా అందులోకి రావు.

మిగతావి గబగబా చెబుతాను.

అపోహ: సున్నం పేదవాళ్ల రంగు. కాదు. వన్‌టౌన్‌లో పాత సున్నపు ఇళ్ల గోడల్లోకి తడి వచ్చినా సున్నం గుండా ఆరిపోయేది. చెమ్మ పూర్తిగా ఆపలేని పాత గోడకి ఇప్పటికీ నేను చెప్పేది సున్నమే. అయితే దాని మీద నేరుగా ఎమల్షన్ వేయొద్దు, పట్టు దొరకదు.

అపోహ: గృహప్రవేశానికి ఫైనల్ కోటు పడిపోవాలి. ముహూర్తం ముందే పెట్టేసుకుని మా మీద పడతారు. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం 28 రోజులు కావాలి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. పచ్చి సిమెంట్‌లోని క్షారం రంగుని తినేస్తుంది, ముదురు రంగులైతే మచ్చలు మచ్చలుగా పాలిపోతాయి. ముహూర్తానికి తెల్ల సిమెంట్ ఒక కోటు కొట్టించుకుని పాలు పొంగించండి. రంగు తర్వాత వేసుకోవచ్చు.

అపోహ: లప్పం ఎంత మందంగా పెడితే గోడ అంత గట్టిది. లప్పం నునుపు కోసం, బలం కోసం కాదు. వంకర గోడని లప్పంతో సరిచేస్తానన్న మేస్త్రీని నమ్మకండి.

అపోహ: మండుటెండలో వేస్తే రంగు బాగా పడుతుంది. కాలుతున్న పడమటి గోడ మీద ఎమల్షన్ పొర కట్టకముందే ఆరిపోయి పొడిపొడిగా మిగులుతుంది. ఆ గోడ పొద్దున్నే చేయించండి.

అపోహ: తలుపుకి స్టెయిన్ వేశాక పాలిష్ అక్కర్లేదు. స్టెయిన్ ఇచ్చేది రంగే. చెక్కని కాపాడేది దాని మీద వేసే పూత. లక్క పాలిష్ లోపలి తలుపులకి అందంగా ఉంటుంది, వాన జల్లు తగిలే వీధి తలుపుకి వేస్తే తెల్ల మచ్చలు పడతాయి. బయటికి ఎక్స్‌టీరియర్ పీయూ (పాలీయురేథేన్ పూత) వేయించండి. ప్రతి వానాకాలం తలుపు ఉబ్బి పట్టేస్తోందంటే పైఅంచు, కిందిఅంచు తడిమి చూడండి. కనబడవు కదా అని అక్కడ పూత వేయకుండా వదిలేసి ఉంటారు, చెక్క నీరు తాగేది అక్కడే.

అపోహ: పాత ఎనామిల్ (ఆయిల్ పెయింట్) గీకితే వచ్చేది ఉత్త దుమ్ము. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన గ్రిల్స్, తలుపుల పెయింట్‌లో సీసం ఎక్కువే ఉండొచ్చు, చిన్నపిల్లలకి అది చాలా చెడ్డది. వాటిని పొడిగా రుద్దనివ్వకండి. నీళ్లు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దించండి, పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రోజుకి అమ్మమ్మగారింటికో ఎదురింటికో పంపండి, సాయంత్రం చీపురు పట్టకుండా తడిగుడ్డతోనే నేల తుడిపించండి.