విజయనగరానికి రాని నాలుగు మెగావాట్లు: చెత్త కరెంటు ప్లాంటు వెనక కథ

2016 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో పది చోట్ల చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. మొత్తం 63 మెగావాట్లు. విశాఖకు 15, గుంటూరుకు 15, తిరుపతికి 6, తక్కిన ఊళ్లకు అంతకన్నా తక్కువ. ఆ జాబితాలో విజయనగరం పేరు ఉంది, పక్కన 4 మెగావాట్లు అని ఉంది. ఒక్కో ప్లాంటుకి చుట్టుపక్కల పట్టణాలను ఒక గుంపుగా కలపాలన్నది ఆలోచన.

ఆ పదిలో రెండే పూర్తయ్యాయి. గుంటూరు ప్లాంటు కొండవీడు దగ్గర, విశాఖ ప్లాంటు భీమిలి వైపు కాపులుప్పాడలో నడుస్తున్నాయి. విజయనగరం ప్లాంటు కాగితం దాటలేదు. 2024 తర్వాత రాష్ట్రంలో మళ్లీ కొత్త ప్లాంట్ల మాట మొదలైంది కాబట్టి, విజయనగరం, శ్రీకాకుళం, మన ఈ రెండు పాత జిల్లాల్లోనూ ఆ ప్రశ్న తిరిగి వస్తుంది. అది వచ్చేలోపు పాత కథ తెలుసుకోవడం మంచిది. ఇందులో చాలామంది మర్చిపోయిన ఘట్టాలున్నాయి.

మన పల్లెల్లో చెత్త అనేది ఒక సమస్యగా లేని రోజులు మరీ పాతవి కావు. పేడ, ఊడ్చిన దుమ్ము, కూరగాయల తొక్కలు, పొయ్యి బూడిద అన్నీ పెరటి వెనక పెంటపోగుకి చేరేవి. ఎండాకాలంలో బళ్ల మీద పొలానికి తోలేవారు. పట్టణాల్లోనూ మున్సిపాలిటీలు చెత్తను గోతుల్లో మాగబెట్టి రైతులకి అమ్మేవి. ప్లాస్టిక్ కవర్లు వచ్చాక ఆ ఎరువు రైతుకి పనికిరాకుండా పోయింది. కవర్లూ గాజు పెంకులూ ఉన్న ఎరువుని ఎవరు పొలంలో వేసుకుంటారు? కొనేవాడు లేక చెత్త ఊరి చివర కుప్పలు పడింది. మనకి ఊరి చివర అంటే చాలాచోట్ల ఏటి ఒడ్డే. నాగావళి, సువర్ణముఖి, వేగావతి, చంపావతి, బాహుదా, ఏదో ఒక ఏరు ఆనుకుని లేని పట్టణం ఇక్కడ అరుదు. ఒడ్డున పోసిన చెత్తలో నుంచి వానకి దిగే నల్లనీరు తిన్నగా ఏట్లోకి పోతుంది, ఆ ఏట్లోనే దిగువ ఊళ్ల తాగునీటి బావులుంటాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి జనం చనిపోయినప్పుడు, పారిశుద్ధ్యానికీ తాగునీటికీ ఉన్న లింకు గురించి రాష్ట్రమంతా మాట్లాడింది. ఆ మాటలు నెల తిరక్కుండానే ఆగిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

దేశంలో చెత్తను కాల్చి కరెంటు తీయాలని చేసిన మొదటి పెద్ద ప్రయత్నం ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో, 1987లో. డెన్మార్క్ యంత్రాలు తెచ్చి, రోజుకి 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు తీద్దామనుకున్నారు. 21 రోజులు నడిచి ఆగిపోయింది, 1990లో మూసేశారు. ఆ పొయ్యి దానంతటది మండాలంటే కిలో చెత్తలో 1,460 కిలోకేలరీలకు పైగా వేడి ఉండాలి. ఢిల్లీ చెత్తలో ఉన్నది అందులో సగం. యూరప్ ఇళ్ల చెత్తలో కాగితం, అట్ట, ప్యాకింగు ఎక్కువ. మన ఇళ్లలో వండుకుని తింటాం, అందుకే మన బుట్టలో తొక్కలు, అన్నం, తడి ఎక్కువ. వీధి ఊడ్పులో ఇసుకా మట్టీ కలుస్తాయి. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికే దాదాపు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అంటే చెత్తలోని వేడి చెత్తలోని నీటిని ఆరబెట్టడానికే సరిపోతుంది.

తిమార్‌పూర్ పాఠం తెలిశాక ఇంకో దారి వెతికారు. చెత్తను ముందుగా ఆరబెట్టి, రాళ్లూ మట్టీ తీసేసి, మిగిలిన దాన్ని ఇంధనంగా మార్చి కాల్చడం. అలా చెత్త నుంచి తయారైన ఇంధనాన్నే ఆర్‌డీఎఫ్ అంటారు. ఈ పద్ధతికి ప్రయోగశాల అయింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లతో ఒకటి, విజయవాడలో 6 మెగావాట్లతో ఒకటి మొదలయ్యాయి. అప్పట్లో ఇవి దేశానికే నమూనా అన్నారు. కాని మంట నిలబెట్టడానికి వాటిలో ధాన్యపు ఊక కలిపి కాల్చేవారు. ఊక కలిపితే ఏ పొయ్యి అయినా మండుతుంది, అప్పుడు ఆ కరెంటు చెత్తదా, ఊకదా అన్న ప్రశ్న వస్తుంది. 2005లో ఇలాంటి ప్లాంట్లకిచ్చే సబ్సిడీల మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, 2007లో కొన్ని పైలట్ ప్రాజెక్టులకు మాత్రం అనుమతిచ్చింది. ఇదంతా 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన కేసులో జరిగింది. ఈరోజు మన వాకిట్లోకి చెత్త బండి వస్తోందంటే దాని మూలం ఆ కేసులోనే ఉంది. 2000లో దేశానికి మొదటిసారి పట్టణ చెత్త నిబంధనలు వచ్చింది కూడా దాని వల్లే.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక గాలి మళ్లీ ప్లాంట్ల వైపు తిరిగింది. చెత్త నుంచి తీసిన కరెంటుని డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, మొత్తం కొనాలని 2016 జనవరిలో కేంద్ర టారిఫ్ విధానం చెప్పింది. అంతకు ముందు ఏడాది కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ కరెంటుకి యూనిట్ 7.04 రూపాయలు ధర కట్టింది, ఆర్‌డీఎఫ్ అయితే ఇంకాస్త ఎక్కువ. బొగ్గు కరెంటు కన్నా ఇది బాగా ఎక్కువ. ఆ తేడా చివరికి మన బిల్లులోనే కలుస్తుంది. నేను దీన్ని తప్పు పట్టను. చెత్త వదిలించుకోవడానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. అయితే ఇది చవక కరెంటు అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2016 ఏప్రిల్‌లో కొత్త ఘన వ్యర్థాల నిబంధనలూ వచ్చాయి. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలి, తిరిగి వాడలేనిది, కిలోకి 1,500 కిలోకేలరీలు దాటి వేడి ఉన్నది మాత్రమే మంటకి పంపాలి అని వాటి సారాంశం. విజయనగరం 4 మెగావాట్ల మాట పుట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కడితే తెలుస్తుంది. పాత రెండు జిల్లాల పట్టణాలు తీసుకుందాం: విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, పలాస-కాశీబుగ్గ, రాజాం, ఆమదాలవలస, ఇచ్ఛాపురం, నెల్లిమర్ల, పాలకొండ. 2011 జనాభా లెక్కల ప్రకారం అందరూ కలిసి ఏడు లక్షలు దాటతారు. విజయనగరానిదే అందులో రెండు లక్షల పాతిక వేలకు పైన, శ్రీకాకుళానిది లక్షా పాతిక వేలు. మనిషికి రోజుకి 400 గ్రాములు వేసుకుంటే 300 టన్నులకు అటూ ఇటూ. కాపులుప్పాడలో 15 మెగావాట్లకి రోజుకి దాదాపు వెయ్యి టన్నులు కావాలి. ఆ దామాషాలో 300 టన్నులకి నాలుగు మెగావాట్ల పైచిలుకు వస్తుంది. లెక్క కుదిరింది.

కుదరంది ఆ టన్నుల లోపల ఉన్న సరుకు. 300 టన్నుల్లో సగానికి పైగా తడి చెత్త. నిబంధనలు చెప్పినట్టే దాన్ని ఊళ్లోనే ఎరువు చేసేస్తే సగం పోయింది. ఇనుము, సీసాలు, అట్టలు, మంచి ప్లాస్టిక్ పాత సామాన్ల కొట్టుకి పోతాయి. ఇసుకా మట్టీ కాలవు. చివరికి నిజంగా కాల్చాల్సింది రోజుకి 50, 60 టన్నులు మిగిలితే గొప్ప. దాంతో ఒకటి, రెండు మెగావాట్లకి మించి రావు. అంత చిన్న ప్లాంటుకి పొగ శుద్ధి చేసే ఏర్పాట్లన్నీ పెట్టి గిట్టుబాటు చేయడం చాలా కష్టం. అంటే మనం చెత్తను ఎంత శ్రద్ధగా వేరు చేస్తే ఇక్కడ ప్లాంటు అవసరం అంత తగ్గుతుంది. వేరు చేయకుండా కలిపి పంపితే ప్లాంటు నిండుతుంది గాని మంట నిలవదు. నాలుగు మెగావాట్ల ఆలోచనలోనే ఈ చిక్కు ఉంది. ఇలాంటి ఒప్పందాల్లో రోజుకి ఇన్ని టన్నులు ఇస్తామని మున్సిపాలిటీలు మాటివ్వాల్సి వస్తుంది. ఒకసారి ఆ మాటిచ్చాక తడి చెత్త తగ్గించే పని మీద ఏ ఊరికి ఆసక్తి ఉంటుంది?

బొబ్బిలి కథ ఇక్కడ తప్పకుండా చెప్పాలి. పెద్ద ప్లాంటు ఏదీ లేకుండానే ఈ చిన్న మున్సిపాలిటీ ఇంటి దగ్గర తడి, పొడి వేరు చేయించింది. తడి చెత్తతో వానపాముల ఎరువు చేసింది. చెత్త యార్డుని జనం వచ్చి చూసేలా మార్చింది. దేశంలో వేరే ఊళ్ల వాళ్లు వచ్చి నేర్చుకున్నారు. దీనికి ముందు సూర్యాపేట 2003 ప్రాంతంలో ఇదే దారిలో పేరు తెచ్చుకుంది, అప్పటి కమిషనర్ ఖాదర్ సాహెబ్ పట్టుదలతో. ఇలాంటి ఊళ్లన్నిటికీ ఉన్న బలహీనత కూడా ఒకటే, మనిషి మారితే పని సడలిపోతుంది. పట్టుదల గల అధికారి బదిలీ అయ్యాక కూడా నడవాలంటే దానికి డబ్బు, సిబ్బంది, వార్డులో రోజూ అడిగే మనిషి ఉండాలి.

డబ్బు దగ్గర మనం ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాం. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో మూడు రంగుల బుట్టలు, కొత్త బళ్లు వచ్చాయి. దాంతోపాటు ఇంటికి నెలకి 120 రూపాయల వరకు రుసుము వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, ఇంటింటా గొడవైంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రాష్ట్రంలో పేరుకున్న 85 లక్షల టన్నుల పాత చెత్తను ఏడాదిలో తీసేస్తామనీ చెప్పారు. పన్ను పోవడం పేదింటికి ఊరటే, నేను కాదనను. కాని బండి డీజిలు, కార్మికుడి జీతం ఎక్కడి నుంచి రావాలో చెప్పకుండా పన్ను గురించి మాత్రమే మాట్లాడుకున్నాం. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగినప్పుడు వీధులెలా ఉన్నాయో అందరం చూశాం. గ్లవ్స్ లేకుండా మన బుట్టలో చేయి పెట్టి తడినీ పొడినీ విడదీసేది వాళ్లే. ప్లాంటు గురించిన ఏ చర్చలోనైనా మొదటి కుర్చీ వాళ్లకి వేయాలి.

ఇక పొగ గొట్టం సంగతి. శ్రీకాకుళం జిల్లాలో కరెంటు ప్లాంటు అన్న మాట వినగానే జనానికి గుర్తొచ్చేది సోంపేట. అక్కడి బీల అనే చిత్తడి భూముల్లో బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటు వద్దని నిలబడ్డ జనం మీద 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఇదే జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఏమిటో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి చోట గొట్టం కట్టాలంటే, ఇది బొగ్గు కాదు చెత్తే కదా అంటే సరిపోదు. ప్లాస్టిక్ కలిసిన చెత్త తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. అందుకే పొయ్యి రెండో గదిలో వేడి 950 డిగ్రీలకు తగ్గకూడదని, పొగ ఆ వేడిలో కనీసం రెండు సెకన్లు నిలవాలని నిబంధన. తడి చెత్త ఎక్కువైన రోజు ఆ వేడి పడిపోతుంది. అంటే ప్లాంటు పక్క ఊరి గాలి మన వంటింటి బుట్ట మీద ఆధారపడి ఉంటుంది. ఆ మాట ఆ ఊరివాళ్లకి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు చేయదగ్గది ఏమిటంటే నా లెక్క ఇది. తడి చెత్త ఏ ఊరిది ఆ ఊళ్లోనే ఎరువో గ్యాసో కావాలి. కూరగాయల మార్కెట్లు, హోటళ్లు, కల్యాణ మండపాలు, చేపల బజార్ల నుంచి కలగలవని తడి చెత్త రోజూ ఒకే చోట దొరుకుతుంది. గ్యాస్ ప్లాంటుకి అంతకన్నా మంచి సరుకు లేదు. ఇందోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన రోజుకి 550 టన్నుల బయో సీఎన్‌జీ (తడి చెత్త నుంచి బళ్లకి వాడే గ్యాసు తీసే) ప్లాంటు ఇంటి దగ్గరే వేరు చేసిన చెత్త మీదే నడుస్తోంది. అంత పెద్దది మనకి అక్కర్లేదు, విజయనగరంలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి చిన్నవి చాలు. పలాస జీడి పిక్కల తొక్కు, మిల్లుల ఊక ఎలాగూ కొనుక్కునేవాళ్లున్న ఇంధనాలు, వాటిని ఈ లెక్కలో కలపొద్దు. కలిపితే షాద్‌నగర్ కథే మళ్లీ మొదలవుతుంది. మిగిలిన 50, 60 టన్నుల పొడి చెత్తను బేళ్లు కట్టి కాపులుప్పాడకో సిమెంటు ఫ్యాక్టరీలకో పంపొచ్చు. పొడి చెత్త బరువు తక్కువ కాబట్టి ఇచ్ఛాపురం నుంచి పంపినా లారీ ఖర్చు అంత భారం కాదు. తడి చెత్తను అంత దూరం పంపితే డీజిలు పోసి నీళ్లు మోసినట్టే.

దీనికి అడ్డు దూరం కన్నా పాలన. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఈ పదకొండు పట్టణాలూ విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం అని మూడు కలెక్టరేట్ల కింద పడ్డాయి. అందరికీ కలిపి ఒకే లెక్క రాసే కార్యాలయం కావాలి. ఏ ఊరు ఎంత వేరు చేసింది, ఎంత పంపింది అన్న వివరం వార్డు సచివాలయం గోడ మీద ప్రతి నెలా అతికించాలి.

ఇవన్నీ కాదని ప్లాంటు ఇక్కడే పెడతామంటే గ్రామసభలో ముందు అడగాల్సింది బూడిద గురించి. 300 టన్నులు కాలిస్తే మన మట్టి చెత్తకి 70, 80 టన్నుల బూడిద రోజూ మిగులుతుంది. అందులో ఫిల్టర్లలో పట్టుబడే సన్న బూడిద విషపదార్థమే, దాన్ని మామూలు గోతిలో పోయకూడదు. నీరు నేలలోకి దిగకుండా కింద పొర వేసిన ల్యాండ్‌ఫిల్, అంటే పూడ్చే గొయ్యి, ఏ సర్వే నంబర్లో కడతారు, దానికి ఏరు ఎంత దూరం, ఇరవై ఏళ్ల తర్వాత ఆ గుట్టకి ఎవరు జవాబుదారీ అన్నది ఒప్పందం మీద సంతకం పెట్టకముందే తెలుగులో రాసి ఊరివాళ్ల చేతికివ్వాలి.