కప్ప గుడ్డు నుంచి మనిషి న్యూరాన్ దాకా

మెదడు మందుల్లో చాలావాటి పని రిసెప్టర్ల దగ్గరే. నాడీకణం (న్యూరాన్) పైపొరలో ఉండి సంకేతాలు అందుకునే ఈ ప్రొటీన్లను మందు ఉసిగొల్పుతుందో, అడ్డుకుంటుందో చూడాలంటే ముందు కణం చేతికి దొరకాలి. బతికున్న మనిషి మెదడులోంచి దాన్ని తెచ్చేదెలా? శస్త్రచికిత్సలో తీసేసిన ముక్కలు ఎప్పుడో గానీ రావు. అందుకే ఈ పరీక్షలు దశాబ్దాల పాటు అరువు కణాల మీదే సాగాయి.

1984లో రికార్డో మిలెడి బృందం మనిషి మెదడు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను ఆఫ్రికా కప్ప అండంలోకి ఎక్కించింది. అండం బుద్ధిగా మెదడు రిసెప్టర్లు తయారుచేసి పెట్టింది! మరో అరువు కణం హెక్ 293. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పిండం మూత్రపిండం నుంచి పుట్టింది. 293 అన్నది ప్రయోగం వరస సంఖ్య. మెదడు మందులకు మూత్రపిండం సాక్ష్యం చెప్పడం వింతే అయినా, ఒక్క రిసెప్టర్‌ను విడిగా చూడటానికి అది నేటికీ పనికొస్తోంది.

మందు మొత్తం ప్రభావం తెలియాలంటే మాత్రం ఎలుకలే దిక్కు. అక్కడే దెబ్బ తగిలింది. నాడీకణాలను రేపే గ్లూటమేట్ అనే రసాయనం రిసెప్టర్‌ను అడ్డుకునే సెల్ఫోటెల్ అనే మందు జంతువుల్లో పక్షవాతం నష్టాన్ని తగ్గించింది. కానీ రోగులపై ప్రయోగాలను 1990లలో మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. తప్పంతా ఎలుకదే అనలేం. ప్రయోగశాలలో మందు సమయానికి పడుతుంది, రోగి ఆస్పత్రికి చేరేసరికి గంటలు గడిచిపోతాయి.

2007లో క్యోటోలో షిన్యా యమనాక మనిషి చర్మకణాలను ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా మార్చాక మనిషి న్యూరాన్లకు దారి తెరుచుకుంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో థామస్ సూడాఫ్ బృందం ఒకే జన్యువును రెచ్చగొట్టి, రెండు వారాల్లోపే మూలకణాలను న్యూరాన్లుగా మార్చింది.

చిక్కు వాటి వయసుతోనే. ఇలా పుట్టిన న్యూరాన్ పిండం న్యూరాన్ లాంటిది. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం రిసెప్టర్ తెరుచుకుంటే పెద్దవాళ్ల న్యూరాన్ మామూలుగా శాంతిస్తుంది. లేత న్యూరాన్‌లో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అదే సంకేతం దాన్ని రేపగలదు. గాబా సంకేతాన్ని పెంచే డయాజిపామ్ లాంటి మందును దీని మీద పరీక్షిస్తే ఫలితం తలకిందులుగా కనిపించవచ్చు. అందుకే వాటిని వారాలు, నెలల తరబడి పెంచుతారు, తోడుగా ఆస్ట్రోసైట్లను (న్యూరాన్లకు ఆసరాగా ఉండే మెదడు కణాలను) ఉంచుతారు. ఆ ఆస్ట్రోసైట్లు చాలా ప్రయోగశాలల్లో ఎలుకవే.