చార్టులో పట్టని వంశవృక్షం

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో వంశవృక్షం గీస్తూ, "అమ్మమ్మా, మీరు ఆరుగురా! చార్టులో పట్టట్లేదు" అని పకపకా నవ్వారు. మీ పెద్ద తాతయ్య అసలు పేరు పెంటయ్య అనేసరికి ఇంకా నవ్వారు. అంతమంది ఎందుకని అడిగారుగా, సగం జవాబు ఆ పేరులోనే ఉంది.

మా అమ్మకు మొదటి మూడు కాన్పుల బిడ్డలూ ఏడాది నిండకుండానే పోయారు. నాలుగోవాడు పుట్టగానే మా నాయనమ్మ వాణ్ణి చేటలో పెట్టి తీసుకెళ్లి, పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు మళ్లీ ఇంట్లోకి తెచ్చిందట. పనికిరానివాడనుకుని యముడు వదిలేస్తాడని! అప్పట్లో ఊరూరా పెంటయ్యలు, పుల్లయ్యలు ఉండేవారు. ఎందరు దక్కుతారో తెలియనప్పుడు ఇద్దరితో ఎవరు ఆపుతారు? పైగా ఏడేళ్లవాడు గొడ్లు కాసేవాడు, ఎనిమిదేళ్ల పిల్ల చంటిదాన్ని చంకనేసుకుని తిప్పేది. ముసలితనంలో కొడుకే పింఛను.

నేను ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరాక టీకాల పెట్టె భుజానేసుకుని ప్రకాశం జిల్లా పల్లెలన్నీ తిరిగాను. బిడ్డలు బతకడం మొదలయ్యాకే, ఇద్దరితో ఆపమన్న నా మాట తల్లులు విన్నారు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఉమ్మడి రాష్ట్రంలో తల్లికి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. బీహార్లో ఇంకా 3. జనాభా తరతరానికీ నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి.

ఆడవాళ్లు చదువుకుంటే కాన్పులు తగ్గుతాయంటారు. కేరళలో అలాగే జరిగింది. మన దగ్గర వేలిముద్ర వేసే తల్లులే ముందుకొచ్చారు. 1991లో మన ఆడవాళ్లలో ముగ్గురికి ఒకరికే చదువొచ్చు. పదహారుకు పెళ్లి, ఇరవై రెండుకల్లా ఇద్దరు బిడ్డలు, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. "నా కూతురు నాలా మిరపకాయల కోతకు పోకూడదమ్మా. ఇద్దరైతేనే కాన్వెంటుకు పంపగలను" అందొక తల్లి. ఆమె చేతుల మంట ఇంకా తగ్గలేదు, మాట్లాడుతూనే మజ్జిగలో ముంచుకుంటోంది.

మగవాళ్ల ఆపరేషన్ తేలికని ఎంత చెప్పినా, "వాడు బరువులెత్తాలి" అని అత్తగార్లు అడ్డుపడేవారు. బిందెలు, కట్టెలమోపులు బరువు కావు కాబోలు! 2019-21లో కూడా ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లు నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇన్ని ఆపరేషన్లు చేయించాలని మాకూ టార్గెట్లుండేవి. ఆ ఒత్తిడిలో, ఇంకా ఆలోచించుకుంటానన్న ఒకరిద్దరిని నేనూ తొందరపెట్టాను. అది నాకిప్పటికీ ముల్లే.

మరి జనం పెరుగుతూనే ఉన్నారేంటని బుజ్జి అడుగుతుంది. మా ఆరుగురం తలా ఇద్దరితోనే ఆపాం. అయినా మా అమ్మకు మనవలు పన్నెండు మంది. ఈ ఊపు తగ్గడానికి ఒకటి రెండు తరాలు పడుతుంది.

ఇద్దరికి మించి ఉంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేశారు. 2024లో ఆంధ్రలో దాన్ని ఎత్తేశారు, ఇప్పుడు ఇంకా కనమంటున్నారు. మీ అమ్మేమో స్కూలు ఫీజు రసీదు చూపించి నవ్వింది.

అన్నట్టు, ఫోన్లో నేను తప్పు చెప్పాను. మా అమ్మ కన్నది ఆరుగురిని కాదు, తొమ్మిది మందిని. పెంటయ్య తాతయ్యకు ముందు మూడు గడులు గీయండి. మొదటి బిడ్డ బారసాల కాకముందే పోయింది. ఆ గడిలో పేరేమీ రాయకండి.

మీ అమ్మమ్మ