పైగది పిల్లలకు, ఆదివారాల గురించి

పాలమూరు,
శనివారం రాత్రి

పైగది పిల్లలకు,

అవ్వ దీవెనలు. ఈ ఉత్తరం మీ చేతికి అందేసరికి నేను వరంగల్ బస్సులో ఉంటాను. కంటిలో శుక్లం తీయించుకోవాలని చెప్పాను కదా, అది అయ్యాక మా చిన్నవాడి ఇంట్లో మూడు వారాలు ఉండక తప్పదు. కంటికి పని చెప్పవద్దని డాక్టర్లు ముందే అన్నారు. అందుకే రాయాల్సింది ఈ రాత్రే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదవండి.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆరిన బట్టలు తీద్దామని మేడ మీదికి వచ్చాను. నలుగురూ ఒకే చాప మీద అడ్డదిడ్డంగా పడుకుని, నాలుగు ఫోన్లలోకి తలలు దూర్చి ఉన్నారు. కాసేపు అలా ఎక్కడికైనా వెళ్ళి రాకూడదా అంటే, దేవరకద్ర అబ్బాయి తల కూడా ఎత్తకుండా "ఎక్కడికి వెళ్తాం అవ్వా, ఈ ఊళ్ళో ఏముంది" అన్నాడు. పొయ్యి మీద పప్పు ఉందని దిగిపోయాను కాబట్టి ఆ పూట బతికిపోయాడు. ఆ మాట మాత్రం వారం రోజులుగా నా మనసులో కంకర రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

నిజం చెప్పాలంటే ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నదే. 1976లో పెళ్ళయి కోయిలకొండ దగ్గరి పల్లె నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు, ఆరు నెలలు నాకు తెలిసిన ఊరు మూడే చోట్లు: వీధి కొళాయి, కిరాణా కొట్టు, ఆంజనేయస్వామి గుడి. ఒకరోజు మందులు తెద్దామని బయలుదేరి దారి తప్పాను. ఎవరిని అడిగినా "క్లాక్ టవర్ దగ్గరే కదమ్మా" అంటారు. ఆ క్లాక్ టవర్ ఎక్కడో తెలియదని చెప్పడానికి సిగ్గు. ఎండలో గంటన్నర తిరిగి, మందులు లేకుండానే ఇంటికి చేరాను. తర్వాత నర్సు ఉద్యోగం వచ్చింది. ముప్పై ఏళ్ళు భుజాన టీకాల పెట్టె వేసుకుని ఈ ఊరి సందులన్నీ తొక్కాను. 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక అయితే, చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో ఒక గుర్తు, మళ్ళీ రావలసిన ఇంటికి ఇంకో గుర్తు పెడుతూ ప్రతి గడపా ఎక్కాను. ఊరిని చూద్దామని తిరగలేదు, జీతం కోసం తిరిగాను. అయినా ఊరు నా కాళ్ళకు అంటుకుంది. కాబట్టి ఇక్కడ ఏముందో చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

ముందు పిల్లలమర్రి. ఒకసారి చూశామని అంటారని తెలుసు. బడి నుంచి బస్సులో తీసుకెళ్ళి ఉంటారు, వరుసలో నిలబెట్టి ఉంటారు, ఫోటో దిగి వచ్చి ఉంటారు. అది చూడడం కాదు. ఊరికి నాలుగు కిలోమీటర్లే. రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే నడిచి వెళ్ళండి.

ఏడు వందల ఏళ్ళ చెట్టు అంటారు. దాదాపు మూడు ఎకరాలు పరుచుకుని ఉంటుంది. చూస్తే అడవిలా ఉంటుంది కాని, అంతా ఒకే చెట్టు. కొమ్మ నుంచి ఊడ దిగుతుంది, మొదట జడపాయలా గాలికి ఊగుతుంది, నేలను తాకిందంటే వేరు పట్టుకుని లావెక్కి మానైపోతుంది. తల్లి కొమ్మ బరువును అదే మోస్తుంది. కొన్నాళ్ళకు ఏది తల్లో ఏది పిల్లో తెలియదు. ఇంకా నేల తాకని లేత ఊడ చివరను జాగ్రత్తగా చూడండి, లేత పసుపు రంగులో, తడిగా, పాల పన్నులా ఉంటుంది.

ఈ చెట్టుకు జబ్బు చేసిన కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే లోపలంతా చెదలు. సందర్శకులను రానీయకుండా మూసేశారు. మానుకు రంధ్రాలు చేసి చెదల మందు లోపలికి ఎక్కించబోతే, ఎక్కించినదంతా బయటికి కారిపోయింది. అప్పుడు మందును నీళ్ళలో పలుచన చేసి, సీసాలను కొమ్మలకు వేలాడదీసి, గొట్టాల ద్వారా చుక్క చుక్కగా ఎక్కించారు. అచ్చం ఆసుపత్రిలో సెలైన్ పెట్టినట్టు! పత్రికలో ఆ బొమ్మ చూసి నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముప్పై ఏళ్ళలో ఎంతమందికి సెలైన్ పెట్టానో లెక్క లేదు, చెట్టుకు పెట్టవచ్చని ఎన్నడూ తోచలేదు. కాని ఆలోచిస్తే వైద్యం ఒక్కటే. ఒంట్లోకి ఒక్కసారిగా తోస్తే పట్టనిది, నెమ్మదిగా ఇస్తే పడుతుంది. బరువుకు వంగిన కొమ్మల కింద సిమెంటు స్తంభాలు కూడా నిలబెట్టారు. వాటిని చూసి విసుక్కోకండి, కాలు విరిగినవాడి చేతికర్ర లాంటివి అవి.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. కంచె లేని రోజుల్లో మేమంతా ఆ ఊడలు పట్టుకుని ఊగినవాళ్ళమే. మా చిన్నవాడు, ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్తున్నానో వాడే, ఏడో తరగతిలో ఒక మాను మీద బ్లేడుతో తన పేరు చెక్కి వచ్చి గొప్పగా చెప్పాడు. నేను కూడా నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ పేరు కోసం వెతికితే దొరకదు. కంచె అవతలి నుంచి చూస్తూ నిలబడినప్పుడు, ఆ కంచెలో మా ఇంటి వాటా కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

అక్కడే పక్కన మ్యూజియం ఉంది, పాత విగ్రహాలు, వీరుల జ్ఞాపకంగా నిలిపిన వీరగల్లులు ఉంటాయి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునగబోయిన ఊరి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన రాజరాజేశ్వర ఆలయం కూడా ఆ ఆవరణలోనే ఉంది. ఆ గోడల దగ్గర నిలబడి రాళ్ళ మధ్య అతుకులు చూడండి. విప్పినప్పుడు ఏ రాయి ఎక్కడిదో ఎలా గుర్తు పెట్టుకుని ఉంటారో నలుగురూ వాదించుకోండి. సమాధానం నేను చెప్పను.

తెల్లవారుజామున కూరగాయల మార్కెట్‌కు ఒకసారి వెళ్ళండి. ఇంకో వారంలో తంగేడు, గునుగు మోపులు దిగుతాయి, బతుకమ్మ వస్తోంది కదా. వాటి వెనకే సీతాఫలాల గంపలు. సీతాఫలాల్లో 'బాలానగర్' అని దేశమంతా పేరున్న రకం ఉంది. ఆ బాలానగర్ మన జిల్లాదే, మీరు హైదరాబాద్ వెళ్ళే దారిలో బస్సు కిటికీ లోంచి చూసేదే. అడవి కాయే, ఎవరూ నీళ్ళు పోసి పెంచరు. కొనేటప్పుడు కాయ పెద్దదా అని చూడకండి, కన్ను చూడండి. కళ్ళ మధ్య గీత పచ్చగా బిగిసి ఉంటే అది ఎన్నాళ్ళు పెట్టినా మగ్గదు, నల్లబడుతుంది. గీత విచ్చుకుని తెల్లగా, లేత గులాబీగా కనిపిస్తే తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టండి, రెండు మూడు రోజుల్లో చేతిలో పెడితే విడిపోతుంది. గింజలతో ఆటలు వద్దు. వాటి పొడి పేలకు మందని కొందరు తలకు రాస్తారు, అది కంట్లో పడితే కన్నే దెబ్బతింటుంది. ఇది నర్సుగా చెబుతున్న మాట.

రైల్వే స్టేషన్‌కు వెళ్తే ప్లాట్‌ఫాం టికెట్ కొని వెళ్ళండి, దొంగతనంగా దూరకండి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ మీటర్ గేజ్ బండి నడిచేది. పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరే ఎడం. ఇప్పుడున్నది 1676 మిల్లీమీటర్లు. ఆ చిన్న బండి పక్కలకు ఊగుతూ పోతుంటే మా అత్తగారు కళ్ళు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టేవారు. ఇప్పుడు కర్నూలు వైపు వెళ్ళే బళ్ళు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. సిమెంటు బల్ల మీద కూర్చుని అరగంట మనుషులను చూడండి, చాలు.

సాయంత్రాలు పెద్దచెరువు కట్ట. దాని గురించి ఎక్కువ చెప్పను, అక్కడ జనం ఎక్కువ, చెత్త కూడా ఎక్కువే. కాని పొద్దు వాలే వేళ బుడుబుంగ పిట్ట నీళ్ళలో మునిగితే ఎక్కడ తేలుతుందో ముందే చెప్పే పందెం మాత్రం మానకండి. నేను ఇంతవరకు గెలవలేదు.

ఎండ మండే మధ్యాహ్నం జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. లోపలంతా ఉద్యోగ పరీక్షలకు చదివే అన్నలు, అక్కలు కూర్చుని ఉంటారు, చప్పుడు చేస్తే కళ్ళతోనే కాల్చేస్తారు. అక్కడ ఒకటి అడిగి చూడండి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నారట. దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టుతో జవాబు చెప్పలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. అందులో 354 మంది కవులున్నారు! ఆయనది మన ఉమ్మడి జిల్లాలోని ఇటిక్యాలపాడే, ఇప్పుడు గద్వాల జిల్లాలోకి వెళ్ళింది. దేవరకద్ర అబ్బాయీ, "ఏముంది" అన్నావే, ఈ సంగతి నీకోసమే రాశాను.

ఇక చీకటి పడ్డాక, మన వీధి చివర మలుపులో జొన్నరొట్టెలు చేసే ఆమె. నలుగురూ రోజూ ఆమె ముందు నుంచే నడిచి వస్తారు, ఎప్పుడైనా నిలబడ్డారా? ఇంట్లో మీ అమ్మలు చేస్తుంటే కూడా చూసి ఉండరు, పళ్ళెంలోకి వచ్చాకే మీకు రొట్టె కనిపిస్తుంది.

జొన్నపిండిలో గోధుమపిండికి ఉన్న సాగే గుణం ఉండదు. చన్నీళ్ళు పోసి కలిపితే ఇసుకలా రాలిపోతుంది. అందుకే ఆమె మరిగే నీళ్ళు పోస్తుంది. ఆ వేడికి పిండి కాస్త ఉడికి జిగురు పడుతుంది. చేయి కాలుతున్నా ఆగకుండా అరచేతి మడమతో నూరినట్టు మెదుపుతుంది. ముద్దను పొడిపిండి చల్లిన పీట మీద పెట్టి కుడిచేత్తో తడుతుంది. ఇక్కడ చూడాలి మీరు. రొట్టెను ఆమె తిప్పదు. తట్టే దెబ్బ కొంచెం పక్కగా పడుతుంది, ఆ దెబ్బకే రొట్టె తనంతట తాను గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతుంది. తప్ తప్ తప్ అని ఒకే తాళం. ఆ తాళం తప్పిందంటే అంచు చీలుతుంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన ఒక్క తుడుపు, పొడిపిండి మాడకుండా. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేయాలి. తర్వాత బొగ్గుల మీదికి జరిపితే పొంగుతుంది. నేను కోయిలకొండ పిల్లనే, నాకూ వచ్చు, కాని ఆమె చేసినంత పలుచగా రాదు. పచ్చిమిర్చి, పల్లీలు నూరిన పచ్చడితో అక్కడే నిలబడి తినండి. పొట్లం కట్టించి తెస్తే ఆవిరికి మెత్తబడి చెడుతుంది.

గిరాకీ తగ్గాక పలకరిస్తే ఆమె మాట్లాడుతుంది. పన్నెండేళ్ళు పుణెలో మేడల పనికి వెళ్ళి వచ్చిన మనిషి. పదకొండో అంతస్తు మీద ఇటుకలు మోస్తూ మొదటిసారి ఊరంతా కింద చిన్నగా చూసిన రోజు గురించి చెబుతుంది, అడగండి. కోస్గి అబ్బాయీ, మీ నాన్న ఉండేది కూడా ఆ వైపేనట, నువ్వు మాత్రం తప్పకుండా మాట్లాడు. ఫోన్ తీసి వీడియో పెట్టారో, అట్లకాడ చూపిస్తుంది. నాకు ఒకసారి చూపించింది.

ఇంకా చాలా ఉన్నాయి. మన్యంకొండ గురించి రాయలేదు. ఉలి ముట్టని దేవుడు, చెక్కని పాదాలు, తవ్వని కోనేరు అంటారు, రాయచూరు బస్సెక్కితే దారిలోనే. అక్కడికి మాత్రం నేను వచ్చాక కలిసి వెళ్దాం, మెట్ల దగ్గర నాకు ఒక భుజం కావాలి. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర ఉంటుంది. చిన్నచింతకుంట అబ్బాయి ఊరి పక్కనే కాబట్టి ఈసారి వాడే మనల్ని తీసుకెళ్తాడు. స్వామికి తొడిగే ఉద్దాలను, అంటే పాదరక్షలను, వడ్డెమాన్‌లో ఎలా చేస్తారో కూడా వాడే చెప్పాలి, తెలియకపోతే ఇంటికి వెళ్ళినప్పుడు తెలుసుకుని రావాలి.

పక్కింటి అత్త దగ్గర కింది గది తాళంచెవి ఉంది. కొళాయి పొద్దున ఆరింటికి వస్తుంది, డ్రమ్ము నింపాక కట్టేయడం మరవకండి. కరివేపాకు మొక్కకు రోజు విడిచి రోజు ఒక చెంబు చాలు.

పిల్లలమర్రి దగ్గర కింద రాలిన ఎర్రటి మర్రిపండ్లు దొరికితే రెండు ఏరుకుని రండి, కోసి చూడండి. పండు అంటున్నాం కాని అది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల పూలు, మధ్యలో కంటికి ఆనీ ఆనని కందిరీగలు. ఆ పురుగు లోపలికి దూరితేనే మర్రి గింజ కడుతుంది. నాకు కట్టు విప్పేది బుధవారం. ఆ సాయంత్రం ఫోన్ చేయండి, ఎన్ని పురుగులు కనిపించాయో చెప్పండి.

మీ అవ్వ