పన్నెండో చార్లెస్‌ని చంపింది సీసమా, ఇనుమా?

1718 నవంబర్ 30 రాత్రి స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ నార్వేలో శత్రువుల ఫ్రెడ్రిక్‌స్టెన్ కోటని ముట్టడిస్తూ, తన సైనికులు తవ్వుతున్న కందకంలో గట్టు మీద నుంచి తల పైకెత్తి చూస్తున్నాడు, ఇంతలో ఒక గుండొచ్చి ఈ కణతలో దూరి ఆ కణతలోంచి బయటికి పోయింది, 36 ఏళ్ళకే ప్రాణం పోయింది. ఆ తేదీ పాత క్యాలెండర్ ప్రకారం. స్వీడన్ వాళ్ళు 1700లో లీప్ రోజు ఎగ్గొట్టి క్యాలెండర్ మార్చడం మొదలెట్టి మధ్యలో ఆపేశారు, మళ్ళీ పాత లెక్కకి రావడానికి ఈయన హయాంలోనే 1712లో ఫిబ్రవరి 30 పెట్టుకున్నారు, నిజంగానే!

సరే, కాల్చిందెవరు? సొంతవాళ్ళే అన్న అనుమానం 300 ఏళ్ళుగా ఉంది, అది ఊరికే పుట్టలేదు. చార్లెస్‌కి 15 ఏళ్ళకే పూర్తి అధికారం చేతికొచ్చింది, 1700లో డెన్మార్క్, రష్యా, జర్మన్ రాజ్యం సాక్సనీ ఒక్కటై మీద పడితే ఆ ఏడాదే నార్వా దగ్గర మంచు తుఫానులో తన సైన్యానికి కొన్ని రెట్లున్న రష్యన్లని ఓడించాడు, అప్పటికి 18 ఏళ్ళు. కానీ 1709లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని పోల్టావాలో రష్యన్ల చేతిలో ఓడి సైన్యం మొత్తం పోయింది, టర్కీ సుల్తాన్ దగ్గర తలదాచుకుని 1714లో గానీ తిరిగి రాలేదు, వచ్చాకైనా యుద్ధం ఆపాడా అంటే అదీ లేదు. పన్నులు కట్టీ కొడుకుల్ని పంపీ జనం విసిగిపోయారు, పైగా పెళ్ళి చేసుకోలేదు, వారసుడు లేడు, చెల్లెలి మొగుడు ఫ్రెడరిక్ కన్ను సింహాసనం మీదే ఉంది.

అందుకే శవపేటికని 1746, 1799, 1859, 1917ల్లో తెరిచి చూశారు. నాకు వీటిలో చివరిదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు పుర్రెకి ఎక్స్‌రే తీశారు. సీసం మెత్తటి లోహం, గట్టి ఎముకకి తగిలితే తునకలు రాలి అక్కడే ఉండిపోతాయి, ఎక్స్‌రేలో తెల్లచుక్కల్లా కనిపిస్తాయి. రాజు పుర్రెలో అవి కనపడలేదు.

ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీ వాళ్ళు కృత్రిమ పుర్రెల మీద గుళ్ళు పేల్చి, సీటీ స్కాన్ తీసి పోల్చి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు: గుండు సైజు 20 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ, అది సీసం కాదు. అప్పటి సైనికుల పొడుగు తుపాకీ మస్కెట్ గుళ్ళు సీసంవి, సైజు కూడా అంతకన్నా చిన్నవి. మరి స్టాక్‌హోమ్‌లో దాచిన ఆయన టోపీకి చిల్లు చిన్నదే కదా అని ఇన్నాళ్ళూ వాదించేవాళ్ళు, కానీ ఉన్ని టోపీ సాగి మళ్ళీ ముడుచుకుంటుంది కాబట్టి చిల్లు గుండు కన్నా చిన్నదిగానే మిగులుతుంది. అంటే కోటలోంచి ఫిరంగితో గుత్తులుగా పేల్చే ఇనుప గుళ్ళలో ఒకటి తగిలిందనుకోడానికే ఎక్కువ ఆధారం ఉంది, చీకట్లో పక్కన నిలబడి కాల్చిన హంతకుడు అక్కర్లేదు.

మామూలు గుండుకి రాజు చావడని నమ్మి ఆయన కోటు బొత్తాంతోనే కాల్చారని ఇంకో కథ ఉంది, 1924లో దొరికిన అలాంటి ఇత్తడి బొత్తాం స్వీడన్‌లోని వార్‌బెర్గ్ మ్యూజియంలో ఉంది. కానీ దాని లోపల నింపింది సీసమే.